మంచం కింద దాగని కుందేలు

ప్రతి ఏటా ఏప్రిల్ 14వ తేదీన దేశమంతటా అగ్నిమాపక దినం జరుపుకుంటారని ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో నిలిచి ఉన్న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్లు అంటుకున్నాయి. ఆ నిప్పు అదే ఓడలోని పేలుడు పదార్థాలకు సోకింది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృత్యర్థం 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. మా కర్మాగారంలో కూడా ఆ వారమంతా గోడపత్రాలు, నినాదాల పోటీలు, మంటలార్పే విన్యాసాలు, చివరి రోజున ఉద్యోగుల పిల్లలకు చిత్రలేఖనం పోటీ ఉంటాయి. భద్రతా విభాగంలో పని చేస్తున్నందువల్ల ఆ పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకరిగా కూర్చునే అవకాశం మాకు చాలా సంవత్సరాలుగా లభిస్తున్నది.

పిల్లలు గీసే నిప్పుకు సాధారణంగా కళ్లుంటాయి, కోరలుంటాయి. ఎర్ర రంగు పెన్సిలు అరిగిపోయేదాకా రుద్ది, మధ్యలో నల్లటి నోరు పెట్టి, ఆ నోట్లో ఒక ఇల్లు పెడతారు. అటువంటి బొమ్మలకే మేము బహుమతులు ఇస్తూ వచ్చాము. నిప్పంటే భయపడే పిల్లవాడు నిప్పు జోలికి పోడని మా అభిప్రాయం. ఆ అభిప్రాయం తప్పని తెలుసుకోవడానికి మాకు ఒక మూకెడు నూనె సరిపోయింది.

మేము చదివినది ఇంజనీరింగు. ముప్ఫై ఏళ్లకు పైగా కోక్ ఓవెన్లు, గ్యాసు గొట్టాల నడుమ తిరిగినవాళ్లం. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసులో సుమారు నాలుగో వంతు కార్బన్ మోనాక్సైడు ఉంటుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, మనిషి ఏమీ తెలియకుండానే కూలిపోతాడనీ ఎందరో కొత్త ఉద్యోగులకు పాఠం చెప్పాము. పెద్దవాళ్లకు చెప్పడం మాకు వచ్చు. చిన్నపిల్లలకు చెప్పవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా కొంతకాలం దూర ప్రాంతంలో ఉండవలసి రావడంతో నాలుగున్నరేళ్ల మనుమరాలు భిలాయి-3లోని మా ఇంటికి వచ్చింది. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చినవారు. ఆయన కట్టుకున్న రెండు గదులకు మేము మరో రెండు గదులు చేర్చాము. రాత్రివేళ మార్షలింగ్ యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు ఇంటిదాకా వినిపిస్తుంది. కర్మాగారం వైపు ఆకాశం అప్పుడప్పుడు ఎర్రబడుతుంది. అది చూసి చిన్నది, "తాతయ్యా, అక్కడ కాలిపోతోందా?" అని అడిగింది. కరిగిన లోహమల వెలుగు అని చెప్పాము. ఆ పిల్లకు ఏం అర్థమవుతుంది! సరే, బొమ్మల పుస్తకం గీసి చూపిద్దామనుకున్నాము.

అంతకు ముందు ఆదివారమే మైత్రీబాగ్‌కు తీసుకువెళ్లాము. భారత సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో ఏర్పడిన ఆ తోటలో చిన్నదానికి నచ్చింది తెల్లపులి ఒక్కటే. ఇంటికి వచ్చాక కూడా నాలుగు కాళ్ల మీద నడుస్తూ గాండ్రించింది. అందువల్ల మా కథలో నిప్పు పులి అయింది. పాత గ్రాఫ్ కాగితాల వెనుక పన్నెండు బొమ్మలు గీశాము. పేరు 'అగ్గిపులి'. తెల్లపులికి చుట్టంలాంటి ఎర్రపులి ఒకటి అడవికి వస్తుంది. గడ్డి తింటుంది, చెట్లు తింటుంది, పక్షుల గూళ్లు తింటుంది. జంతువులన్నీ పారిపోతాయి. కుందేలు మాత్రం తెలివిగా తన బొరియలో దూరి, చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. పులికి కనబడదు. పులి వెళ్లిపోతుంది.

పుస్తకం అందరికీ నచ్చింది. మా విభాగంలోని మిత్రులు నకళ్లు తీసుకున్నారు. పక్క వీధి బాలవాడిలో టీచరమ్మ హిందీలో చదివి వినిపించారు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగో ఒడియానో, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడతారు. మన అగ్గి, వారి 'ఆగీ' వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కనుక పుస్తకం పేరు మార్చవలసిన అవసరం కూడా రాలేదు. మాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం.

ఆ తరువాత రెండు నెలలకు, ఒక సాయంత్రం మా శ్రీమతి పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి అరిసెల పాకం చూసుకుంటున్నది. వీధి గుమ్మంలో ఎవరో పిలిచారు. ఆమె వెళ్లి రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి నూనె అంటుకున్నది. ఆమె కంగారు పడలేదు. పొయ్యి కట్టేసి, ఇత్తడి పళ్లెం ఒకటి మూకుడు మీద పక్కనుంచి జరిపి మూసేసింది. నీళ్లు పోయకూడదని ఆమెకు తెలుసు. ఆమె భర్త ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో కూడా అదే ఉపన్యాసం ఇస్తున్నాడు మరి! మంట నిమిషంలో ఆరింది. ఇల్లంతా నల్లటి పొగ, మాడు వాసన. మేము పెరటి నుంచి పరుగెత్తుకు వచ్చి కిటికీలు తెరిచాము. అప్పుడు ఆమె అడిగింది: "ఏమండీ, చిన్నది ఏదీ?"

చిన్నది లేదు. పేరు పెట్టి పిలిచాము. వరండాలో చూశాము, స్నానాల గదిలో చూశాము. పక్కింటివారు, ఎదురింటివారు వచ్చి పిలిచారు. తలుపు తీసి ఉన్నది కనుక రోడ్డు మీదికి వెళ్లిందేమోనని ఒకరు జీఈ రోడ్డు వైపు పరుగెత్తారు. లారీలు తిరిగే ఆ రోడ్డు తలపుకు రాగానే మా కాళ్లలో సత్తువ పోయింది. ఏడెనిమిది నిమిషాలు గడిచి ఉంటాయి. చివరకు మా శ్రీమతి వంగి మంచం కింద చూసింది. సూటుకేసుల వెనుక, గోడకు అంటుకుని, గుడ్డబొమ్మను నోటికి అదుముకుని కూర్చున్నది. కళ్లు తెరిచే ఉన్నాయి. మేము మూడుసార్లు ఆ గదిలోకే వచ్చి పిలిచాము. పలకలేదు.

ఎత్తుకుని వరండాలోకి తెచ్చాక, "ఎందుకు పలకలేదమ్మా?" అని అడిగాము.

"అగ్గిపులి వింటుంది కదా తాతయ్యా."

మా శ్రీమతి మా ముఖం వైపు చూసింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

పిల్ల చేసిన దానిలో తప్పేమీ లేదు. మేము గీసిన తొమ్మిదో పేజీలో ఏమున్నదో అదే చేసింది. నిప్పులో మంటకంటే పొగ ముందుగా ప్రాణం తీస్తుందని తెలిసిన మనిషి, నేటి ఇళ్లలోని స్పాంజి పరుపులు కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడా వెలువడుతుందని తరగతి గదిలో బల్ల గుద్ది చెప్పిన మనిషి, చిన్నపిల్లకు బొరియలో దాక్కొమ్మని, పిలిచినా పలకవద్దని బొమ్మలు గీసి మరీ నేర్పాడు. ఆ రోజు అంటుకున్నది మూకుడు. మరొకనాడు పరుపు అంటుకుని ఉంటే? ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నకళ్లు తీసుకున్న ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లి వెనక్కి అడిగి తెచ్చుకున్నాము. కొందరు నవ్వారు. బాలవాడి టీచరమ్మ నవ్వలేదు. తన ప్రతిని ఇస్తూ, నిప్పొస్తే ఏం చేస్తారని ఆ వారమే పిల్లలను అడిగాననీ, సగం మంది బల్లల కింద దూరి చూపించారనీ చెప్పారు.

తరువాత చాలా రోజులు, జంతువుల కథలలో నిప్పు ఎక్కడ వస్తుందో వెతకడమే మా పని అయింది. ముందుగా మా చేతికి వచ్చింది మన భారతమే. ఆదిపర్వం చివర ఖాండవ దహనం ఉన్నది కదా. నన్నయగారు తెలుగు చేసిన భాగమే. అందులో జరిత అనే పక్షి, రెక్కలు రాని తన నలుగురు పిల్లలను మంట సమీపిస్తుంటే ఎలుక కన్నంలో దాక్కొమ్మంటుంది. పైన దుమ్ము కప్పుతానంటుంది. పిల్లలు ఒప్పుకోరు. కన్నంలోని ఎలుక తినడం ఖాయం, నిప్పు దగ్గర గాలి మళ్లితే బ్రతికే అవకాశమైనా ఉన్నదని తల్లితోనే వాదిస్తారు. చివరకు అగ్నిదేవుణ్ణి స్తుతించి బయటపడతారు. వంటింట్లో మనం స్తుతితో సరిపెట్టుకోలేము. అయినా దాక్కోవడమా, దాక్కోకపోవడమా అనే ప్రశ్న మన పూర్వులు పక్షిపిల్లల నోట పెట్టారని చూసి మాకు ఒళ్లు జలదరించింది. మేము జరిత పక్షాన నిలబడి పుస్తకం గీశాము. పిల్లలు చెప్పినది మాకు తోచలేదు.

లంకా దహనం సంగతి కూడా చెప్పాలి. చిత్రలేఖనం పోటీలో ఏటా నాలుగైదు హనుమంతులు తోకకు నిప్పుతో వస్తారు. తువ్వాలు తోకగా కట్టుకుని దీపం దగ్గరికి వెళ్లిన పిల్లవాణ్ణి మేమే ఒకసారి పట్టుకుని ఆపాము. ఆ కథ చెప్పవద్దని ఎవరం అంటాము? కాని మేము చదివి చెప్పేటప్పుడు అందరూ వదిలేసే భాగాన్ని వదలము. సుందరకాండలో లంకను కాల్చిన తరువాత హనుమంతుడు సముద్రంలో తోక ఆర్పుకుంటాడు. అప్పుడు, అయ్యో, సీతమ్మ కూడా ఈ మంటల్లోనే ఉన్నదేమో, కోపంతో ఎంత పని చేశానని తల్లడిల్లిపోతాడు. అంతటి హనుమంతుడికే ఒకసారి విడిచిన నిప్పు ఎవరిని తాకుతుందో తెలియలేదని చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

విదేశాల్లో ఈ పని చాలా కాలంగా జరుగుతున్నది. అమెరికాలో అడవుల శాఖవారు 1944లోనే స్మోకీ అనే ఎలుగుబంటిని గోడపత్రాల మీదికి తెచ్చారు. 1950లో న్యూ మెక్సికో రాష్ట్రంలో కార్చిచ్చు నుంచి కాపాడిన నిజమైన ఎలుగుపిల్లకు ఆ పేరే పెట్టి, వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలలో ఉంచారు. అది 1976 వరకు జీవించింది. 1951లో అక్కడి జాతీయ అగ్ని నివారణ సంఘం స్పార్కీ అనే మచ్చల కుక్కను ప్రవేశపెట్టింది. గుర్రపు బండ్ల కాలంలో ఆ జాతి కుక్కలు అగ్నిమాపక బండ్ల వెంట పరుగెత్తేవట. ఇవన్నీ మంచివే. మా ఛత్తీస్‌గఢ్‌లోనూ ఎలుగుబంట్లున్నాయి. వాటికి ఇప్పపూలంటే ప్రాణం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టడం వల్ల అడవులు అంటుకుంటూ ఉంటాయి కనుక, ఆకులు కాల్చకుండా ఊడ్చుకునే ఎలుగుబంటి కథ ఇక్కడ ఎవరైనా రాయవచ్చు. అయితే అది అడవి సంగతి. మాకు కావలసింది మంచం కింది సంగతి.

అది దొరికింది మా చిన్ననాటి పెట్టెలోనే. మా బాల్యంలో భిలాయిలో రష్యన్ నిపుణుల కుటుంబాలు ఉండేవి. రష్యాలో అచ్చయిన పిల్లల పుస్తకాలు చాలా చవకగా దొరికేవి. నున్నటి కాగితం, పెద్ద బొమ్మలు. టాల్‌స్టాయ్ మహాశయుడు పిల్లల వాచకం కోసం 1870లలో రాసిన చిన్న చిన్న కథలు కొన్ని మా నాన్నగారు కొనిపెట్టారు. వాటిలో ఒకటి లండన్ నగరపు అగ్నిమాపక కుక్కల కథ. బాబ్ అనే కుక్క కాలుతున్న ఇంట్లోంచి రెండేళ్ల పాపను చొక్కా పట్టి లాక్కుని వస్తుంది. వెంటనే మళ్లీ లోపలికి దూరుతుంది. ఇంకా ఎవరో ఉన్నారని అందరూ అనుకుంటారు. తీరా చూస్తే అది నోట కరచుకుని తెచ్చింది పెద్ద బొమ్మను. జనం నవ్వుతారు. మాకు చిన్నప్పటి నుంచి గుర్తున్నది ఆ బొమ్మ, ఆ నవ్వు మాత్రమే. ఇప్పుడు యాభై దాటిన కళ్లతో మళ్లీ తెరిచి చూస్తే, కథ మొదట్లోనే ఆయన ఏమి రాశారనుకున్నారు? ఇళ్లు అంటుకున్నప్పుడు పిల్లలు భయంతో దాక్కుని మాట్లాడకుండా ఉండిపోతారనీ, పొగలో వారు కనబడరనీ, అందుకే లండన్‌లో కుక్కలకు శిక్షణ ఇచ్చారనీ రాశారు. నూట యాభై ఏళ్ల నాడు ఒక రచయితకు తెలిసిన సంగతి, భద్రతా విభాగంలో జీతం తీసుకుంటున్న మాకు తెలియలేదు.

అప్పుడు రెండో పుస్తకం మొదలుపెట్టాము. ఈసారి ఒంటరిగా కాదు. మా శ్రీమతి, బాలవాడి టీచరమ్మ, కర్మాగారపు అగ్నిమాపక దళంలోని ఒక మిత్రుడు, అందరికంటే ముఖ్యంగా బాలవాడిలోని పద్ధెనిమిది మంది విమర్శకులు పాల్గొన్నారు. మొదటగా నిప్పును పులిగా చూపడం మానేశాము. నిప్పుకు కళ్లు లేవు, చెవులు లేవు. అది వినదు, వెతకదు. దానికి కొన్ని ఇళ్లున్నాయి. పొయ్యి ఒక ఇల్లు, దీపపు కుంది ఒక ఇల్లు, తాతయ్య పని చేసే చోట మందపాటి గోడల పెద్ద కొలిమి మరో ఇల్లు. తన ఇంట్లో ఉన్నంతసేపు అది అన్నం వండుతుంది, దేవుడికి వెలుగునిస్తుంది, ఇనుమును కరిగిస్తుంది. ఇల్లు దాటి వస్తే మనం బయటికి వెళ్లిపోవాలి. ఇంతే కథ. అగ్గిపెట్టె కనబడితే పిచ్చుక దాన్ని ముట్టుకోదు, అమ్మను పిలుస్తుంది. కుందేలు దాక్కోదు. బయటికి పరుగెత్తి వేపచెట్టు కింద నిలబడి, తన పేరు తాను గట్టిగా అరిచి చెబుతుంది.

పొగలో వంగి పాకుతూ రావడం నేర్పడానికి మొదట తాబేలును గీశాము. వేడి పొగ పైకి లేస్తుంది, నేలకు దగ్గరగా గాలి కొంత మంచిగా ఉంటుంది కనుక నేలబారున కదిలే జంతువు కావాలి కదా. చదివి వినిపించగానే ఒక పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఏమిటని అడిగితే, తాబేలు ఇంత నెమ్మదిగా పోతే కాలిపోతుంది కదా అన్నాడు. నిజమే! తాబేలు పోయి ముంగిస వచ్చింది. అది నేలబారున పోతుంది, వేగంగా పోతుంది. పెరట్లో అందరూ చూసినదే.

బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నిలబడి, నేల మీద పడి, ముఖం చేతులతో కప్పుకుని పొర్లాలని నేర్పడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. పొర్లడానికి మనకు గాడిదపిల్లను మించినది లేదు. ఆ పేజీ మా పుస్తకంలోకెల్లా పెద్ద విజయం, పెద్ద ప్రమాదం కూడా. పిల్లలకు పొర్లడం ఎంత నచ్చిందంటే, గంట కొడితే పొర్లారు, పొగ వస్తుందంటే పొర్లారు, బయటికి పదండంటే గుమ్మంలో పొర్లారు. కనుక ఆ పేజీలో గాడిదపిల్ల తోకకు కట్టిన గుడ్డకు మాత్రమే మంట గీసి, పక్క పేజీలో మామూలుగా నడిచి వెళ్తున్న మరో గాడిదపిల్లను గీశాము. నేర్పేవారు ఈ తేడాను పదేపదే చెప్పవలసిందే. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని పారే నీటి కింద పెట్టాలనడానికి బాతు వచ్చింది. టూత్‌పేస్టు, పసుపు, సిరా రాయవద్దన్న సంగతి పిల్లలకంటే వారి నాయనమ్మలకు చెప్పడమే కష్టమైంది.

ఇక ఏనుగు. మా అగ్నిమాపక మిత్రుడు బాలవాడికి పూర్తి వేషంలో వచ్చారు. హెల్మెట్టు, వీపున గాలి సిలిండరు, ముఖానికి ముసుగు, దానికి వేలాడే గొట్టం, ఊపిరి తీసినప్పుడల్లా బుస్సుమని శబ్దం. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే సగం మంది పిల్లలు బల్లల కింద దూరారు. కాపాడడానికి వచ్చిన మనిషిని చూసి దాక్కున్నారన్నమాట. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. వారం తరువాత ఆయన మామూలు చొక్కాతో వచ్చి, పిల్లల మధ్య నేల మీద కూర్చుని, ఒక్కొక్క వస్తువే వారి చేతికిచ్చి, తాకనిచ్చి, వారి ఎదుటే తొడుక్కున్నారు. ముసుగు పెట్టుకున్నాక కూడా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. అప్పుడు మా మనుమరాలే అన్నది, "ఏనుగు తాతయ్య!" అని. గొట్టం తొండంలా కనిపించింది కాబోలు. ఆ మాటతో పుస్తకంలో మరో పేజీ పెరిగింది. పొగలో ఏనుగు తాతయ్య బుస్సుమంటూ వస్తాడు. కుందేలు "నేనిక్కడున్నాను" అని అరుస్తుంది.

చివరి పేజీ పెద్దలకు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయవద్దు, తీయవద్దు, రెగ్యులేటరు కట్టి తలుపులు తెరవండి, అది గాలికంటే బరువైనది కనుక నేల మీదే పరుచుకుంటుందని రాశాము. ఫోను నంబర్లు 101, 112, గ్యాసు లీకైతే 1906. ప్రతి ఇంటికీ రెండో దారి చూసుకోండని కూడా రాశాము. ఆ వాక్యం రాస్తుంటే చిన్నది పక్కన కూర్చుని, "మన రెండో దారి ఏది తాతయ్యా?" అని అడిగింది. పెరటి తలుపు చూపించబోయాము. దాని ముందు కూలరు, కూలరు వెనుక మా నాన్నగారి ఇనుప పెట్టె, దాని మీద మూడేళ్ల పాత పత్రికలు. తలుపుకు తాళం. తాళంచెవి ఎక్కడున్నదో ఇద్దరికీ తెలియదు. కిటికీలకు కోతుల భయంతో మేమే బిగించిన ఇనుప చట్రాలు. 2004 జూలై 16న కుంభకోణంలోని ఒక బడిలో వంటపాక కప్పు అంటుకుని, తరగతి గది పూరి కప్పుకు నిప్పు పాకి, 94 మంది చిన్నారులు మరణించిన ఉదంతం మా శిక్షణ తరగతులలో చెబుతూనే ఉన్నాము. బయటికి దారి గురించి అంత మాట్లాడే మా ఇంటికి దారి ఒక్కటే. ఆ ఆదివారం పెరటి తలుపు తాళం పగలగొట్టి, కూలరును మరో చోటికి మార్చి, ఒక కిటికీకి లోపలి నుంచి తెరుచుకునే గడియ పెట్టించాము. పత్రికలు అమ్మితే వచ్చిన డబ్బులు చిన్నది తీసుకున్నది.

ఇంట్లో అభ్యాసం ప్రారంభించాము. పళ్లెం మీద గరిటెతో కొట్టడమే గంట. మొదటిరోజు చిన్నది ముంగిసలా పాకుతూ పెరటి తలుపు దాటి వేపచెట్టు కిందికి చేరి, తన పేరు, నాన్న పేరు, తాతయ్య పేరు వీధంతా వినబడేలా అరిచింది. మా గుండె నిండింది. ఆ మరుక్షణమే గిరుక్కున తిరిగి ఇంట్లోకి పరుగెత్తింది. బాబ్ లాగే నోట కరచుకుని కాకపోయినా, గుడ్డబొమ్మను చంకన పెట్టుకుని నవ్వుతూ వచ్చింది. టాల్‌స్టాయ్ కథ చదివి వినిపించినది మేమే. జనం నవ్వారని చెప్పి మేమూ నవ్వాము. పిల్ల ఆ నవ్వు కోసం వెళ్లింది.

ఏడాదిన్నర పాటు ఆ ఒక్క విషయం మీదే మాకూ చిన్నదానికీ వాదన నడిచింది. కుందేలు వెనక్కి వెళ్లకూడదని కొత్త పేజీ గీశాము. "మరి బొమ్మ కాలిపోదా?" అన్నది. కాలిపోతుందని ఒప్పుకున్నాము. అబద్ధం చెప్పి లాభం లేదు. "అది ఏడుస్తుంది కదా?" అన్నది. బొమ్మకు ఊపిరి లేదు, నీకున్నదన్నాము. ఇంజనీరు చెప్పే సమాధానం అలాగే ఉంటుంది. పిల్లకు నచ్చలేదు. అభ్యాసం జరిగినప్పుడల్లా చెట్టు కింద నిలబడేది కాని కళ్లు ఇంటి గుమ్మం మీదే ఉండేవి. మా శ్రీమతి ఒకనాడు ఆ చూపు గమనించి, కాలిపోతే అలాంటిదే ఇంకొకటి కుడతానని మాట ఇచ్చింది.

ఆ తరువాత నుంచి వెనక్కి వెళ్లడం మానేసింది. ఇప్పుడు దానికి ఏడేళ్లు నిండాయి, వాళ్ల అమ్మ దగ్గరే చదువుకుంటున్నది. మొన్నటి వేసవి సెలవులకు వచ్చినప్పుడు మేము చెప్పకుండానే గరిటె తీసి పళ్లెం మీద కొట్టి, మమ్మల్నిద్దరినీ పెరట్లోకి తరిమింది. మోకాళ్ల నొప్పి వల్ల మేము ముంగిసలా పాకలేకపోయినందుకు మార్కులు తగ్గించింది. చెట్టు కింద మా పేర్లు మేము అరిచాక, అమ్మమ్మ వైపు తిరిగి, "కాలిపోయేదాకా ఎందుకు, ఆ రెండో బొమ్మ ఇప్పుడే కుట్టి పెట్టేయొచ్చు కదా" అన్నది. మా శ్రీమతి పాత చీర అంచు ఒకటి వెతికి తీసింది. తల, చేతులు అయ్యాయి. కాళ్లు ఇంకా కుట్టాలి.